వరండా బెంచీకీ కిరాయే

జూన్ 20, 1968. గురువారం
బడిలో రెండో పీరియడు. ఈయన పనిచేసే దుకాణం హమాలీ పరుగెత్తుకొచ్చాడు. "టీచరమ్మా, మీ సారు కడుపు పట్టుకోని కూలవడ్డడు." బేగం బజార్ చేరేసరికి ఈయన పసుపు బస్తాల మధ్య ముడుచుకుపోయి ఉన్నారు. ఒకటే వాంతులు. సర్కారు పెద్ద దవాఖానకే పోదామన్నారు. నేనే వినలేదు — అక్కడి లైనులో నిలబడేసరికి ప్రాణం పోతుందని భయం. రిక్షాను ఆబిడ్స్‌కు తిప్పించాను. కొత్త నర్సింగ్ హోము, అర్జెంటు కేసులు ఏ వేళైనా చూస్తామని బోర్డు. చూడ్డం సంగతి తర్వాత... "ముందుగాల డిపాజిట్ కట్టున్రి" అన్నాడు కౌంటరు క్లర్కు. ఇంటి కిరాయికి దాచిన డబ్బులు సంచిలో ఉన్నాయి కాబట్టి సరిపోయింది. లేకపోతే?

జూన్ 21
సెలైన్ ఎక్కించారు. ఏదో పాడైన తిండి తిన్నారట. వాంతులు ఆగాయి. హమ్మయ్య.

జూన్ 22
నవ్వుతున్నారు. "గీడ చాయ్ మంచిగుందే, ఇంకో కప్పు చెప్పు" అంటారు. చెప్పాను. చాయ్ కూడా బిల్లులో రాస్తారని మాకేం తెలుసు!

జూన్ 24. సోమవారం
డాక్టరు రేపు తీసుకుపొమ్మన్నాడు. బిల్లెంతవుతుందో అడిగి, సుల్తాన్ బజార్‌లో కమ్మలు కుదువ పెట్టి వచ్చాను. సరిగ్గా సరిపోతుంది. బోసి చెవులతో ఇంటికి వచ్చి అత్తమ్మకు చెబితే ఆమె మొహం మాడిపోయింది.
"రేపా? మంగళారం, అండ్ల అమాస! దవాఖానకెంచి పెనిమిటిని గట్లాంటి దినం ఇంట్లకు తెస్తవా? సదువుకున్నవు, ఏం లాభం!"
నవ్వొచ్చింది మొదట. తర్వాత మామయ్య గుర్తొచ్చారు. దవాఖాన నుంచి అమావాస్య నాడే తెచ్చాం ఆయన్ని. వారం తిరగలేదు. అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. వాదించలేకపోయాను. ఎల్లుండి పాడ్యమి, పాడ్యమినాడు పయనం పనికిరాదు. గురువారం విదియ. సరే, గురువారమే.

జూన్ 25
కౌంటరు క్లర్కుకు చెప్పాను. ఎంత మర్యాదగా అన్నాడో! "ఉండున్రి అమ్మా, ఫికర్ చెయ్యకున్రి. మీ ఇష్టం."

జూన్ 27. గురువారం
వాడి మర్యాద మండ!
ఈ రెండు రోజులకూ మంచం, ఫ్యాను, నర్సు — అన్నీ బిల్లులో వేశాడు. డాక్టరు గుమ్మంలో నిలబడి "ఎట్లున్నవ్?" అని అడిగిపోయిన దానికి రెండు విజిట్లు! తెచ్చిన డబ్బు చాల్లేదు. బాగైన మనిషికి విజిట్టేమిటయ్యా అని అరిచాను. అక్కడున్న వాళ్ళంతా నా వైపే చూశారు.
"డాక్టర్ సాబ్ పొమ్మన్నడా లేదా? ఉంటమన్నది మీరే గదమ్మా."
అమావాస్య అని చెబితే నవ్వాడు. ఉన్నంత కట్టేశాను. మిగతాది కడితేనే మనిషిని పంపుతారట. ఈయన ధోతి, చొక్కా వాళ్ళ అల్మారాలోనే ఉన్నాయి. మోకాళ్ళు దాటని దవాఖాన ఆకుపచ్చ గౌనులో ఈయన నిలబడి... నా వైపు చూడలేదు.

జూన్ 28
మంచం ఇంకెవరికో ఇచ్చారు. ఈయన్ని వరండాలో బెంచీ మీదికి మార్చారు. పోనీ, మంచం ఖర్చయినా తప్పిందనుకున్నాను. క్లర్కు తల ఎత్తకుండానే — "బెంచి కూడ మాదే గదమ్మా." సగం రేటట.
ఈయన దుకాణం సేటు దగ్గరికి పోయాను. "ఒకటో తారీకు దాకా జర ఆగు బెహెన్" అన్నాడు. రాని రోజులకు జీతం కోస్తానని కూడా మెల్లగా చెప్పాడు. మా పెద్ద టీచరమ్మ ఒకరికి జీతం ముందే ఇస్తే అందరూ అడుగుతారంది. అందరి మొగుళ్ళూ బెంచీల మీద ఉన్నారా? ఈ మాట మనసులోనే అనుకున్నాను.

జూన్ 29
గౌను మీదే రిక్షా ఎక్కేద్దాం పదండి అన్నాను. ఈయనకు కోపం వచ్చింది.
"దొంగ లెక్క ఉరుకుమంటవా? బజారంత నన్ను ఎర్కే."
ఇంట్లో అత్తమ్మ అన్నం ముట్టడం లేదు. "నా నోరు పడిపోను, నేనే ఆపితి బిడ్డా" అని తల బాదుకుంటోంది. తిట్టడానికే వెళ్ళాను. చివరికి నేనే పక్కన కూర్చుని ముద్దలు కలిపి పెట్టాను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మధ్యలో నేను.

జూన్ 30. ఆదివారం
వాన. నాంపల్లి రోడ్డంతా నీళ్ళు. చీర పిండుకుంటూ చేరేసరికి వరండాలోకి జల్లు కొడుతోంది. బెంచీ తడి, గౌను తడి. ఈయన గోడకు ఆనుకుని కూర్చున్నారు. లోపలికి జరగనివ్వండని నర్సును అడిగాను. లోపల కూర్చుంటే మంచం రేటే పడుతుందంది. ఈయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. "వద్దు తియ్... ఒక్క రాత్రే గదా."

జూలై 1. సోమవారం
నా జీతం వచ్చింది. మధ్యాహ్నం బడి నుంచి నేరుగా ఇక్కడికే. బాకీ కట్టేశాను. క్లర్కు 'చెల్లు' అని రాసి ముద్ర కూడా వేశాడు. బట్టలడిగి ఇప్పించుకున్నాను. పోయేముందు ఓసారి చూస్తానని నర్సు ఈయన నోట్లో థర్మామీటరు పెట్టింది.
నూట మూడు.
డాక్టరు వచ్చాడు. ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. "నిమ్ము చేసింది. గిట్ల తీస్కపోతే నా జిమ్మేదారి లేదు." మళ్ళీ చేర్చాలంటే కొత్త కేసు, కొత్త డిపాజిట్. నా గుప్పిట్లో మిగిలిన జీతం అంతా కలిపితే ఆ డిపాజిట్టే.
దొంగలు, అబద్ధం, పైసల కోసం ఆడుతున్నారని గొంతుదాకా వచ్చింది. నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. కాలిపోతోంది.
ఈయన చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. ఒక గుండీ కూడా పట్టడం లేదు.
"ఏం గాదు. ఇంటికి పోదాం పా" అంటున్నారు.
కౌంటరు దగ్గర క్లర్కు మళ్ళీ చేర్చుకునే కొత్త కాగితం తీసి, సంతకం చోటు నా వైపు తిప్పి పెట్టాడు. బెంచీ మీద కూర్చుని ఇది రాస్తున్నాను, ఏదో లెక్క చూసుకుంటున్నట్టు. క్లర్కు రెండోసారి పిలిచాడు. ఈయన లేచి నిలబడి, గోడ పట్టుకుని, నాకోసం చూస్తున్నారు...