లాండ్రీ కొట్టు నక్కను పంపేయకండి

యోంజు,
అక్టోబరు 21, మంగళవారం.

టీవీ రచయిత్రి తక్ సెరిన్ గారికి,

చలి మొదలైంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళ మోకాళ్ళూ, రాసి రాసి వంగిన మీ మెడా కులాసాగా ఉండాలని కోరుకుంటూ చోయ్ మల్సున్ అనే ముసలిదాన్ని రాస్తున్నాను. ఇక్కడ మా ఆయనా నేనూ ఉన్నామంటే ఉన్నాం. నాకు అక్షరాలు డెబ్బై దాటాక వయోజన బడిలో వచ్చాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి. ఇది మీ చేతికి అందుతుందో, టీవీ వాళ్ళు గేటు దగ్గరే చెత్తలో పడేస్తారో అని రాయకముందే దిగులు పట్టుకుంది.

మీ తొమ్మిది తోకల నక్క సీరియల్ గురించి. ముందు నా విసుగు తీర్చుకోనివ్వండి. నక్క లాండ్రీ కొట్టు పెట్టుకోవడమేమిటండీ? మా చిన్నప్పుడు గుమిహో నక్క అంటే సమాధులు తవ్వేది, మనుషుల కార్జం తినేది, ఆడమనిషి వేషంలో వచ్చి కాపురాలు కూల్చేది. పొద్దుగూకితే పెరట్లో అడుగు పెట్టేవాళ్ళం కాదు. మీ నక్క చొక్కాలు ఇస్త్రీ చేస్తుంది, ఐసు వేసిన కాఫీ తాగుతుంది, తను మనసిచ్చిన బస్సు డ్రైవరు ఒక పూట ఫోను చెయ్యకపోతే ముక్కు చీదుతుంది. ఆ తోకలు చూస్తే కొత్త చీపురు కట్టల్లా ఉన్నాయి. కాలే ఇస్త్రీ పెట్టె పక్కన అలా వేలాడేస్తే అంటుకోవూ? చూసినంతసేపూ నాకదే భయం.

ఇక అసలు సంగతి. మా ఆయన యాంగ్ గిదొక్‌కి మతిమరుపు జబ్బు. పోయిన చలికాలం నుంచి నన్ను గుర్తుపట్టడం మానేశాడు. మానేస్తే మానేశాడు, నేను నక్కనని పట్టుకున్నాడు. తన పెళ్ళాన్ని తినేసి, ఆమె మొహం తగిలించుకుని వంటింట్లో తిరుగుతున్నానట. నల్ల నువ్వుల జావ కాచి పెడితే, "ఇందులో ఏం కలిపావే?" అని గిన్నె నెట్టేసేవాడు. మాత్రలు దిండు కింద దాచేవాడు. నేను వంగి నేల తుడుస్తుంటే వెనక చేరి తోక కోసం వెతికేవాడు. ఈ వయసులో నాకిదేం ఖర్మ చెప్పండి. ఆయన చిక్కిపోయి, నడుము మీద ప్యాంటు నిలవడం మానేసింది. పొద్దున్నే ఆయన్ని చూసుకోవడానికి వచ్చే ప్యో గారు ఇక ఇంట్లో లాభం లేదు, వృద్ధుల ఆసుపత్రిలో చేర్చాల్సిందే అన్నారు. అక్కడికి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం నేను చూడలేదు.

సరిగ్గా అప్పుడు మీ సీరియల్ మొదలైంది. ఉన్న నక్కే చాలదన్నట్టు ఇంకోటా అని టీవీ కట్టేయబోయాను. ఆయన రిమోటు ఇవ్వలేదు. చూడగా చూడగా మీ నక్క ఎవర్నీ తినలేదు. డ్రైవరుకు వండి పెట్టింది. ఆమె నక్కన్న గుట్టు అతను ఎవరికీ చెప్పనన్నాళ్ళూ ఆమె అతని దగ్గరే ఉండిపోతుంది. పాత కథలోని ఒట్టే అది. అదొక్కటి మాత్రం మీరు సరిగ్గా పెట్టారు. ఆ భాగం వచ్చిన మర్నాడు మా ఆయన గిన్నె దగ్గరికి లాక్కుని జావంతా తాగాడు. మూతి తుడుచుకుని, "ఉప్పు తగ్గింది, అయినా పరవాలేదండీ" అన్నాడు. పెళ్ళయిన నాటి నుంచి నన్ను 'అండీ' అన్న మనిషి కాదు.

ఇంతలో ప్యో గారు వచ్చి రోజూలాగే నన్ను చూపించి, ఈవిడ ఎవరు తాతగారూ అని అడిగారు. ఆయన నావైపు ఒక చూపు చూసి, గొంతు సవరించుకుని, "ఎవరేమిటి, మా ఆవిడ" అన్నాడు. మందు పనిచేస్తోందని ప్యో గారికి ఒకటే సంబరం. ఆసుపత్రి మాట మళ్ళీ ఎత్తలేదు. నాకు తెలుసు, అది మందు కాదు. నక్క గుట్టు కాపాడటానికి ఆయన అబద్ధమాడాడు.

ఇప్పుడు మా వీధిలో జుట్టుకు వంకీలు తిప్పే కొట్టావిడ ఒక వార్త మోసుకొచ్చింది. వచ్చే వారం ఆఖరి భాగమట, డ్రైవరు తాగిన మైకంలో గుట్టు చెప్పేస్తాడట, నక్క కొండల్లోకి వెళ్ళిపోతుందట. ఏడవడానికే కదా పిన్నీ చూసేది, అంటుంది పైగా. ఏడవాలంటే మా ఇంటికి రమ్మనండి, టీవీ ఎందుకు? మీ నక్క వెళ్ళిపోతే మా ఆయనకు నా మీద నమ్మకం పోతుంది. మళ్ళీ గిన్నె నెట్టేస్తాడు. ఈసారి ప్యో గారు ఊరుకోరు. దయచేసి ఆ డ్రైవరు నోరు కుట్టేయండి. అతని చేతికి సోజు సీసా అందనివ్వకండి. చప్పగా ముగించారని జనం తిడితే నా పేరు చెప్పండి. తోకల గురించి అన్నవన్నీ వెనక్కి తీసుకుంటాను.

రాసేవాళ్ళు భోజనం మానేస్తారని విన్నాను. మానకండి.

ఇట్లు,
చెయ్యి నొప్పి పుట్టేదాకా రాసిన
చోయ్ మల్సున్

తా.క. ఒకటి దాచాను. అది తెలియకపోతే ఇదంతా ముసలిదాని చాదస్తమనుకుంటారు. మొన్న ఎండలో కూర్చుని పెర్సిమన్ కాయల తొక్క తీస్తుంటే ఆయన దగ్గరికి జరిగాడు. "ఎవరూ లేరు. నిజం చెప్పండి, మీరు నక్కే కదా?" అన్నాడు. కాదని చెప్పి చెప్పి నా ప్రాణం విసిగి ఉంది. అవునన్నాను. ఆయన భయపడలేదు. చొక్కా పైకెత్తి పొట్ట చూపించాడు. "మా ఆవిడ ప్రతిదానికీ హడలిపోయే మనిషి. ఆమె కార్జం ఇంకా మిగిలుంటే ఆమెకిచ్చేసి ఇంటికి పంపండి. నాది తీసుకోండి." చొక్కా కిందికి లాగి, చలి గాలి తగులుతుందని కసిరాను. ఆమె వచ్చేదాకా మీరు ఎక్కడికీ వెళ్ళరు కదా అని అడిగాడు.

వెళ్ళనని మాటిచ్చాను, రచయిత్రి గారూ.