ఒత్తి రాయకు

జూన్ 4

వచ్చింది! ఆరు నెలల వెయిటింగ్. ముదురాకుపచ్చ బాడీ, పద్నాలుగు క్యారెట్ల నిబ్బు. పార్సిల్ విప్పే ముందు చేతులు సబ్బుతో కడుక్కున్నాను. ఎవరైనా చూస్తే నవ్విపోతారు. నా పిచ్చి నాకానందం.

గోరువెచ్చటి నీళ్లతో రెండుసార్లు ఫ్లష్ చేసి వాషబుల్ బ్లూ పట్టించాను. మంచి పెన్నుకి ఎప్పుడూ వాషబుల్ ఇంకే. పర్మనెంట్ పోస్తే నిబ్బు కింద సన్న కాలవల్లో గడ్డకట్టుకు కూర్చుంటుంది, వదిలించడం దేవుడి తరం కూడా కాదు. పర్మనెంట్ సీసా ఒకటి సొరుగులో ఉంది. సీసా ముద్దుగా ఉందని కొన్నాను. సీలు కూడా తియ్యలేదు.

అక్కకి ఫోన్ చేసి చెప్పాను. ముప్పై ఏడో మరదలొచ్చిందన్నమాట, ఈవిడైనా వంట చేస్తుందేమో అడుగు అంది. గొంతు బాగా బొంగురుపోయింది. జలుబట. రెండు నెలల జలుబేమిటి నీ మొహం, డాక్టర్‌కి చూపించు అని కసిరాను.

జూన్ 19

జలుబు కాదు.

జూన్ 23

వాయిస్ బాక్స్ మొత్తం తీసెయ్యాలట. ఇక జన్మలో మాట ఉండదట. డాక్టర్ ఇదంతా టేబుల్ మీది క్యాలెండర్ చూస్తూ చెప్పాడు.

బావ పోయి నాలుగేళ్లు. అక్క కూతురు పిట్టకి తొమ్మిదేళ్లు. అక్క మాత్రం, మాట పోతే పోయింది, పిట్టని తిట్టడానికి నిన్ను పెట్టుకుంటా, నీకు ఆ విద్య బాగా వచ్చుగా అంది. నవ్వింది కూడా. నాకు నవ్వు రాలేదు.

జూలై 5, మధ్యాహ్నం

ఆపరేషన్ అయి మూడు రోజులు. నర్సు అక్క చేతికి ఒక ప్యాడూ, దారం కట్టిన బాల్ పెన్నూ ఇచ్చింది. ఛీ, ఛీ! అక్షరం అక్షరానికీ ఆగిపోతోంది. ఇక నుంచి అక్క మాటంటే అదే. ఆ మాట అలాంటి పెన్నులోంచి రావడమా? నా ఒళ్లు మండిపోయింది. ఇంటికెళ్లి ఆకుపచ్చ పెన్ను తెచ్చి ఇచ్చాను.

ఇది నాకొద్దురా, పాడైతే నా ప్రాణం తీస్తావు, బాల్ పెన్నే చాలు అని రాసింది. వినలేదు.

అక్కది మొదటి నుంచీ చెక్కుడు రాత. చిన్నప్పుడు నోట్సు రాస్తే కింద మూడు పేజీల దాకా అచ్చు దిగేది. ఒత్తి రాయకు, నిబ్బు విచ్చుకుంటుంది, పెన్ను బరువుకే ఇంకు దిగుతుంది అని పక్కనే కూర్చుని నేర్పించాను. నాలుగుసార్లు చెయ్యి పట్టుకుని ఆపాను. సరే మాస్టారూ అని రాసి నాలిక బయటపెట్టి వెక్కిరించింది. మాట పోయినా వెక్కిరింత పోలేదు.

జూలై 21

పాకిందట. లంగ్స్‌లో కూడా ఉందట. రెండు మూడు నెలలన్నారు.

అక్క ఏడవలేదు. మంచి నోటుబుక్కు ఒకటి తెమ్మని రాసింది. పిట్ట కోసం. పదిహేనేళ్లు వచ్చాక దాని చేతికివ్వాలి. నేను తెరవకూడదు, ఒట్టెయ్యాలి. వేశాను.

జూలై 22

నా దగ్గరున్నవాటిలో బెస్ట్ బుక్కు తీశాను. దారపు కుట్టు, నూట తొంభై రెండు పేజీలు, ఇంకు పాకని పేపరు. ఎవరికీ ఇవ్వకుండా రెండేళ్లుగా దాచుకున్నది.

బయల్దేరే ముందు సొరుగు తెరిచి పర్మనెంట్ సీసా చేతిలోకి తీసుకున్నాను. ఆరేళ్లు దాచాల్సిన రాత కదా అనిపించింది. సీలు మీద గోరు కూడా పెట్టాను. మళ్లీ అనిపించింది, కొత్త పెన్ను, కొత్త నిబ్బు, ఇప్పుడే ఎందుకులే, పాత పెన్ను ఒకటి చూసి దాంట్లో పోసిద్దాం అని. సీసా సొరుగులో పెట్టేశాను.

ఆగస్ట్ 8

ఒక్కరోజే పదకొండు పేజీలు రాసింది. వేళ్లకి నీలం. ఎంత తేలిగ్గా రాస్తోందో ఇప్పుడు! చూస్తుంటే ముచ్చటేసింది.

ఆగస్ట్ 23

ప్రెస్సులో రెండు లాట్లు వెనక్కి కొట్టాను. షాంపూ లేబుళ్లు. అరగంట నీళ్లలో ముంచి తెల్లగుడ్డతో ఇరవైసార్లు రుద్దుతాను, గుడ్డకి రంగంటితే లాటంతా రిజెక్ట్. పన్నెండేళ్లుగా నా ఉద్యోగమే ఇది. ఇవాళ గుడ్డకి ఎరుపంటింది. సూపర్‌వైజర్ మెచ్చుకున్నాడు, నీ కంటపడితే ఏదీ తప్పించుకోలేదయ్యా అన్నాడు. నేనూ కాస్త గొప్పలు పోయాను.

ఆ గొడవలో హాస్పిటల్‌కి లేటైంది. పెన్నులో ఇంకు ఎప్పుడో అయిపోయిందట. అక్క ఖాళీ పెన్ను చూపించి, చేతి గడియారం చూపించి, కళ్లెర్రజేసింది.

సెప్టెంబర్ 9

అక్క లేదు.

సెప్టెంబర్ 24

పిట్ట నా దగ్గరే ఉంటోంది. ఏడవదు. అడిగినదానికే జవాబు. బుక్కు బీరువాలో పెట్టి తాళం వేశాను. చివరి పేజీ దాకా నిండిందని అక్కే రాసి చూపించింది.

పిట్ట ఒక్కసారి వాసన చూస్తానంది. పదిహేనేళ్లు రానీ అన్నాను. తాళం ఎక్కడ పెడతావు అంది. పెన్నుల పెట్టెలో అని చూపించాను కూడా, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

అక్టోబర్ 6, సాయంత్రం ఐదు

పిట్ట స్కూల్ నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. బ్యాగులోంచి నేల మీదికి చుక్కలు కారుతున్నాయి. నీలం చుక్కలు.

వారం రోజులుగా బుక్కు బ్యాగులో పెట్టుకుని వెళ్తోందట. లంచ్ బెల్లులో ఒళ్లో పెట్టుకుని కూర్చునేదట. తెరవలేదు మామయ్యా, ఒట్టు, వాసనే చూశాను అంది. ఇవాళ వాటర్ బాటిల్ మూత సరిగ్గా పడలేదు. పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా నానింది.

తెరిచాను. తెల్లగా ఉంది. అక్కడక్కడా లేత నీలం మరకలు. ఒక్క అక్షరం లేదు.

అరిచాను. బుర్ర ఉందా, మీ అమ్మని రెండోసారి చంపేశావే అన్నాను. ఈ నోటితోనే అన్నాను.

అక్టోబర్ 7

బుక్కుని పెన్నుల షాపాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఇరవై ఏళ్ల పరిచయం. ఏవో లైట్లు వేసి చూశాడు. అంటుకోకుండా విడివడిన పేజీల్ని ఏటవాలుగా పట్టుకుని భూతద్దం పెట్టి చూశాడు. లాభం లేదన్నాడు. బాల్ పెన్నుతో రాసుంటే అచ్చు దిగేది, ఇంకు పోయినా గాడిని బట్టి చదవొచ్చు, ఈవిడ అస్సలు ఒత్తకుండా రాశారు, ఎవరో బాగా నేర్పించారు అన్నాడు.

ఇంటిదాకా నడిచే వచ్చాను.

అక్టోబర్ 10

స్కూల్ నుంచి ఫోన్. పిట్ట కళ్లు తిరిగి పడిపోయింది. మూడు రోజులుగా బాటిల్ తీసుకెళ్లడం లేదు, స్కూల్లో ఇచ్చినా నీళ్లు తాగడం లేదు అని టీచర్ చెప్పింది. ఇంట్లో ఏమైనా జరిగిందా అని అడిగింది. ఏమీ లేదండీ అన్నాను.

ఛీ, ఏం మనిషిని నేను!

అక్టోబర్ 12, ఆదివారం

చెప్పేశాను.

బేసిన్‌లో నీళ్లు పోశాను. ఒక కాగితం మీద వాషబుల్‌తో గీత గీశాను. పర్మనెంట్ సీసా సీలు తీసి, పుల్ల ముంచి, ఇంకో కాగితం మీద గీశాను. ఆరనిచ్చి రెండూ ముంచాను. ప్రెస్సులో రోజూ చేసే పనే. ఒక గీత పోయింది, ఒకటి ఉంది. తప్పు నీ బాటిల్‌ది కాదు, నాది, అమ్మకి పోయే ఇంకు పోసిచ్చింది నేనే అన్నాను.

ఈ ఇంకు అప్పుడు ఇంట్లోనే ఉందా అని అడిగింది. ఉందన్నాను. మరి ఎందుకు పొయ్యలేదంది. పెన్ను పాడవుతుందని అన్నాను.

గీత పోయిన కాగితం నీళ్లలోంచి తీసి చూసింది. మరి పాడైందా అని అడిగింది.

లేదు. బంగారంలా ఉంది. ఇప్పుడు కూడా ముట్టుకుంటే చాలు రాస్తుంది.

అక్టోబర్ 13

నీళ్లు తాగుతోంది. నాతో మాట్లాడ్డం లేదు.

అక్టోబర్ 17

అదే.

అక్టోబర్ 19

పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. బ్లాటింగ్ పేపర్లు పెట్టి రోజుకి కొన్ని చొప్పున విడదీస్తున్నాను. చేతులు కాలాక ఆకులు. అయినా విడదీస్తున్నాను.

ఇవాళ నూట ఇరవయ్యో పేజీ తర్వాత వేలికి ఏదో తగిలింది. గరుకుగా. తిప్పాను. బాల్ పెన్ను. నల్లగా, లోతుగా, ఆరు లైన్లు. ఆ చెక్కుడు రాత.

ఒట్టు తప్పాను. చదివాను.

మీ మామయ్య ఇంకా రాలేదు, ఇంకు అయిపోయింది, నర్సమ్మ పెన్నుతో రాస్తున్నా. ఏం చెప్తున్నా? ఆ, జుట్టు. నీది నా జుట్టే, ఊరికే చిక్కుపడుతుంది. చిక్కు కింది నుంచి తీసుకోవాలి, కొసల దగ్గర మొదలుపెట్టి మెల్లిగా పైకి రావాలి. పై నుంచి లాగితే ఏడుపొస్తుంది. వాడొచ్చాడు, మిగతాది రేపు.

ఆగస్ట్ 23. నేను లేటైన రోజు. నూట తొంభై రెండు పేజీల్లో మిగిలింది నేను లేని అరగంట.

పిట్టని పిలిచి ఇచ్చాను. పదిహేనేళ్లు రాలేదుగా అంది. వారం తర్వాత అది నాతో అన్న మొదటి మాట. పరవాలేదు చదువు అన్నాను. చదివింది. తర్వాత పేజీ తిప్పి, వెనక వైపు ఉబ్బిన అక్షరాల మీద వేలు పెట్టి రాస్తూ కూర్చుంది. ఆ పక్క నుంచి అన్నీ తిరగేసి ఉంటాయి. అయినా మొదటి నుంచి చివరిదాకా వేలు తియ్యలేదు.

అక్టోబర్ 20, పొద్దున ఏడున్నర

దువ్వెన తెచ్చి నా చేతిలో పెట్టి, అటు తిరిగి కూర్చుంది. కొసల దగ్గర మొదలుపెట్టాను. అరగంట పట్టింది. స్కూల్ బస్సు వెళ్లిపోయింది.