సిరానుష్ మీద నా కుళ్ళు

ఫిబ్రవరి 3

సిరానుష్ సినిమా సెలెక్ట్ అయింది. పెద్ద ఫెస్టివల్. మెయిల్ రాగానే ఎడిట్ రూమ్‌లో మొదట నన్నే వాటేసుకుంది. కంగ్రాట్స్ అన్నాను. లోపల మాత్రం ఇది నాకెందుకు రాదు అనుకున్నాను.

ఈ డైరీ తెలుగులో రాయడానికి కారణం ఒక్కటే. గ్లెండేల్‌లో మా ఆఫీస్ ఉన్న బిల్డింగ్ నిండా ఆర్మేనియన్లే. తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. టేబుల్ మీద తెరిచి పెట్టి పోయినా భయం లేదు.

ఫిబ్రవరి 5

సిరానుష్‌ డైరెక్టర్. నేను ఆమె అసిస్టెంట్ ఎడిటర్‌ని. ఆమె పుట్టింది ఆర్మేనియాలో గ్యూమ్రీ అనే ఊళ్ళో. నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు భూకంపం వచ్చి వాళ్ళ నాన్న ఇంటి కిందే పోయాడు. తర్వాత అమ్మతో కలిసి గ్లెండేల్ వచ్చేసింది. అమ్మ డ్రై క్లీనర్స్‌లో జిప్పులు కుట్టేది. ఈమె బాంక్వెట్ హాళ్ళలో ఆర్మేనియన్ పెళ్ళిళ్ళకి వీడియోలు తీసేది, పదేళ్ళ పైనే. ఫిల్మ్ స్కూల్ మొహం చూడలేదు. ఏడ్చేవాళ్ళ దగ్గర కెమెరాతో ఎక్కడ నిలబడాలో పెళ్ళికూతుళ్ళ తల్లులే నేర్పారట. రెండు షార్ట్ ఫిల్ములు తీసి, నలభై దాటాక ఇప్పుడీ మొదటి సినిమా. వాళ్ళ నాన్న గురించే.

మరి నేనో? విజయవాడ. నాన్న ఎల్ఐసీ, అమ్మ టీచర్, ఇద్దరూ గుండ్రాయిలా ఉన్నారు. ఇర్వింగ్‌లో కంప్యూటర్స్ ఎంఎస్ సగంలో వదిలేసి ఇక్కడ ఫిల్మ్ స్కూల్లో చేరాను. నా జీవితంలో జరిగిన ఘోర ప్రమాదం హైవే మీద టైర్ పంక్చర్. దీంతో ఏం సినిమా తీయను?

సిగ్గు విడిచి రాస్తున్నాను. ఆమె భూకంపం మీద కూడా నాకు కుళ్ళే.

ఫిబ్రవరి 9

ఇర్వింగ్ నుంచి దమయంతి అక్క ఫోన్ చేసింది. మా పెద్దమ్మ కూతురు. నీ పిక్చర్ ఎప్పుడే రిలీజ్, హీరో ఎవరే అని అడిగింది. అది నాది కాదక్కా అంటే, మరి ఆవిడకి చాకిరీ ఎందుకు చేస్తున్నావే, నీ కథ నువ్వే తియ్యొచ్చుగా అంది.

తియ్యొచ్చు. భూకంపం లేకపోయినా చిన్న కథ ఒకటి ఉంది. మొదటి సినిమా తీసేవాళ్ళకి ఫెలోషిప్ ఇచ్చే ల్యాబ్ ఒకటుంది, దానికి అప్లై చేశాను. ఏడాదికి ఎనిమిది మందిని తీసుకుంటారు. అది రాకపోతే చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ గడువు అయిపోగానే వీసా కోసం ఏదో ఒక కోర్సులో చేరి మళ్ళీ కోడింగే. సినిమా అయిపోయినట్టే.

రికమెండేషన్ సిరానుష్ పంపాలి. సరేనంది. పంపినట్టు లేదు.

ఫిబ్రవరి 12

సిరానుష్ రికమెండేషన్ ఊసే ఎత్తలేదు. కావాలనే చేస్తోంది.

ఫిబ్రవరి 14

ఫెస్టివల్‌కి ముందు ఆదివారం వాళ్ళ వాళ్ళకే ఒక షో. సౌండ్ మిక్సింగ్ చేసే అతనికి ఫ్లూ. సిరానుష్ ఇంటర్వ్యూలకని శాన్ ఫ్రాన్సిస్కో వెళ్ళింది. ఫైనల్ ఫైల్ నువ్వే చూసుకో నైనికా, నీ చెవుల మీద నాకు నమ్మకం అని ఫోన్‌లో చెప్పింది.

చూశాను. తప్పు పట్టాను కూడా! భోజనాల సీన్. పోయిన నాన్న పేరు చెప్పి అందరూ వైన్ గ్లాసులు ఎత్తుతారు. గ్లాసులు ఫ్రేములో లేవు, అమ్మ మొహం ఒక్కటే. చప్పుడే లేదు. సినిమాలో మిగతా ప్రతిచోటా గ్లాసులు టింగుమంటాయి. ఇక్కడ మర్చిపోయారు. గ్లాసు తగిలించకుండా ఎవరైనా తాగుతారా? ఇర్వింగ్ అపార్ట్‌మెంట్‌లో మేం కోక్ తాగినా చీర్స్ కొట్టాకే కదా.

మంచి సౌండ్ వెతికి వేశాను. ఆమెకి ఫోన్ చేసి అడగొచ్చు. అడగలేదు. అంత గొప్ప డైరెక్టర్ వదిలేసిన తప్పుని నేను పట్టుకున్నాను మరి. ఎన్నాళ్ళకో ఇవాళ కడుపునిండా తిన్నాను.

ఫిబ్రవరి 16, సాయంత్రం

అయిపోయింది. నా పని అయిపోయింది.

హాలు నిండిపోయింది. ఆ సీన్ వచ్చింది. స్పీకర్లలో టింగ్ టింగ్‌మని గ్లాసులు మోగాయి. హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. ముందు వరసలో ఒక ముసలాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. సిరానుష్ వాళ్ళమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకేం అర్థం కాలేదు. పక్కసీటు బామ్మగారిని అడిగితే చెప్పింది. పోయినవాళ్ళ పేరున తాగేటప్పుడు గ్లాసుకి గ్లాసు తగలకూడదట. తగిలిస్తే సంబరమట.

తండ్రి చావుకి కూతురి చేత సంబరం చేయించాను.

ఇంకోటి కూడా రాయాలి. ఒక్క క్షణం, ఒట్టు, సంతోషమేసింది. పడిందిరా దెబ్బ అనుకున్నాను.

షో అయ్యాక ఆమె మైకు తీసుకుంది. నా పేరు చెప్తుందని తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను. చెప్పలేదు. తప్పు నాది, సినిమా నాది, వినాల్సింది నేను అంది. ఇంగ్లిష్‌లో అని, మళ్ళీ ఆర్మేనియన్‌లో ఏదో అని, వాళ్ళమ్మ ముందు తల వంచింది. ఆవిడ లేచి వెళ్ళి నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. జనం లేచి చప్పట్లు. బయటికి వెళ్ళిన ముసలాయన కూడా తిరిగొచ్చాడు.

దెబ్బ తిన్నా నాకంటే బాగా నిలబడింది. ఆమె చోట నేనుంటే అసిస్టెంట్ పేరు తడుముకోకుండా చెప్పేదాన్ని. కుళ్ళు తగ్గకపోగా ఇంకా పెరిగింది.

ఫిబ్రవరి 17

సారీ చెప్పాను. తిట్టలేదు. ఒక్కసారి ఫోన్ చేసి అడగాల్సింది కదా అంది. నీ తప్పు దొరికిందన్న సంబరంలో అడగలేదని ఎలా చెప్తాను? అలసిపోయానన్నాను. నమ్మింది, లేదా నమ్మినట్టు ఊరుకుంది.

రికమెండేషన్ పోయిన సోమవారమే పంపేసిందట. ఆ ల్యాబ్‌కి తనూ ఆరుసార్లు అప్లై చేసిందట. ఒక్కసారీ ఇంటర్వ్యూకి కూడా పిలవలేదట. నీకు రావాలి అంది.

తిట్టి ఉంటే బాగుండేది. ఇప్పుడు దీన్ని ఏం చేసుకోను?

ఏప్రిల్ 22

వచ్చింది! ల్యాబ్ నాకు వచ్చింది! ఆఫీస్ బాత్రూమ్‌లోకి వెళ్ళి అరిచాను. దమయంతి అక్క ఏడ్చేసి, ముక్కు చీదుకుని, హీరో ఎవరే అంది.

సిరానుష్ ఫెస్టివల్ నుంచి వచ్చేసింది. రివ్యూలు బాగున్నాయి, అవార్డు రాలేదు. ఆమెకి మెసేజ్ పెట్టాను. చూసింది. ఎవరు పెట్టినా టక్కున జవాబిచ్చే మనిషి.

ఏప్రిల్ 24

జవాబు లేదు.

ఏప్రిల్ 27, ఆదివారం

సిరానుష్ ఫోన్ చేసింది. చాలా సంతోషమంది. నిజంగా చాలా సంతోషమని మళ్ళీ అంది. కథేమిటని అడగలేదు. మీటింగ్ ఉందని పెట్టేసింది.

ఆదివారం పూట ఏం మీటింగ్?

ఆమెకీ కుళ్ళు. నా మీద.

ఆమె మీద ఇంత ప్రేమ నాకెప్పుడూ పుట్టలేదు.