లేని నాణెం కింద పడిన రెండు వేళ్ళు

సూరత్,
మంగళవారం.

కార్మిక ప్రమాదాల విచారణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: "భౌతిక రూపం లేని వస్తువు వల్ల శారీరక గాయం సంభవించజాలదు" అని రాసి తమరు మూసివేసిన మా అమ్మ ఫైలును తిరిగి తెరిచి, శనివారం లోపల కడోదరాలోని అచ్చు యంత్రాన్ని స్వయంగా తనిఖీ చేయవలెనని కోరుట గురించి.

నా పేరు విజయశ్రీ. బి.ఏ. చివరి సంవత్సరం చదువుతున్నాను, కాలేజీ వక్తృత్వ పోటీల్లో మాట్లాడుతుంటాను. నాన్న లింగమూర్తి జోల్వాలో మరమగ్గం నడుపుతారు. గాయపడిన భాగీరథి మా అమ్మ. తమరు ఫైలు మూశాక, తిరిగి తెరవమని మొదటి అర్జీ గుజరాతీలో ఇచ్చాము. అర్జీదారు మాతృభాష కాదని తిప్పి పంపారు. రెండోది హిందీలో ఇచ్చాము. మొదటిదానికి నకలు అని తిప్పి పంపారు. తమరూ తెలుగువారే కనుక మూడోది తెలుగులో రాస్తున్నాను. ఈసారి అర్థం కాలేదనడానికి తమకు ఏ భాషా మిగలలేదు.

1. ముందుగా వాస్తవాలు. కడోదరాలో ఒకప్పుడు చీరల జరీకి గిలిటు వేసిన షెడ్డు ఒకటి ఉన్నది. జరీ పని పడిపోయాక దాని యజమాని, అందరూ సేఠ్ అని పిలిచే పెద్దమనిషి, అక్కడ నాణేలు వేయిస్తున్నాడు. బిట్‌కాయిన్ అనే డబ్బు కంప్యూటర్లలో తప్ప మరెక్కడా ఉండదు. దానికి ఈ నాణెం ఒక బొమ్మ మాత్రమే: ఇత్తడి బిళ్ళ, పైన బంగారు పూత. దీనితో అర కప్పు టీ కూడా రాదు. సేకరణ పిచ్చి ఉన్నవారు కొని అద్దాల బీరువాలో పెట్టుకుంటారు.

మా అమ్మ పద్నాలుగు నెలలుగా ఆ అచ్చు యంత్రం మీద పనిచేసింది. ఆ యంత్రానికి రెండు బొత్తాలు ఉంటాయి. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే పై అచ్చు దిగుతుంది. చేతులు రెండూ బొత్తాల మీద ఉంటే అచ్చు కింద ఉండవు. యంత్రాన్ని చేసినవాడి ఇంగితం అది. సేఠ్ ఒక బొత్తాన్ని చీర పీలికతో నొక్కి కట్టించాడు. ఇక ఒక చేత్తో నొక్కుతూ ఇంకో చేత్తో బిళ్ళ పెట్టవచ్చు. రోజుకు ఆరు వందల నాణేలకు బదులు తొమ్మిది వందలు పడతాయి. గత నెల పదకొండో తారీఖున, మధ్యాహ్నం అన్నానికి లేవడానికి ముందు, మా అమ్మ కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు రెండో కణుపు దాకా నలిగిపోయాయి. డాక్టరు తీసివేశారు.

2. విచారణ నాడు నేను తమ బల్లకు మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. తమరు మరిచి ఉంటారు కనుక గుర్తు చేస్తున్నాను.

"ఏం పని చేస్తావమ్మా?"

"బిట్‌కాయిన్లు జేస్త సారూ."

తమరు నవ్వారు. తమ గుమాస్తా నవ్వాడు. సేఠ్ కూడా తమరి ముఖం చూసి నవ్వాడు.

"నువ్వు బిట్‌కాయిన్లు చేస్తే నేను రాకెట్లు చేస్తానమ్మా. అది కంప్యూటర్లో ఉండేది. కంప్యూటర్లో ఉండేది నీ వేళ్ళ మీద ఎలా పడింది?"

"గది నాకేం ఎరుక సారూ? మీద వడ్డదైతె ఎరుకే."

ఇంతకన్నా సంక్షిప్తమైన, నిర్దుష్టమైన సాక్ష్యాన్ని నేను ఏ వాదనలోనూ వినలేదు. తమరు దానిని నమోదు చేయలేదు. దానికి బదులు పైన విషయంలో ఉదహరించిన వాక్యాన్ని రాసి, సంతకం చేసి, టీ తెప్పించుకున్నారు.

అచ్చు పక్కకు జరిగినందున చెత్తలో పారేసిన నాణెం ఒకటి ఈ అర్జీకి జతచేశాను. తమరు దీనిని తూకం వేయవచ్చు. త్రాసు దొరకనిచో, బల్ల ఎత్తు నుంచి తమ కాలి బొటనవేలి మీదికి జారవిడిచి, భౌతిక రూపం ఉన్నదీ లేనిదీ నిర్ధారించుకోవచ్చు.

3. సేఠ్ తమకు ఇచ్చిన జవాబులో రెండు వాదనలు ఉన్నాయి. నాణేలు విదేశం నుంచి తయారై వస్తాయి, ఇక్కడ డబ్బాలో పెట్టడమే జరుగుతుంది కాబట్టి పనివాళ్ళెవరూ లేరన్నది మొదటిది. తయారీ ఖర్చు విపరీతంగా పెరిగినందున పరిహారం ఇచ్చే స్తోమత లేదన్నది రెండోది. తయారు చేయనివాడికి తయారీ ఖర్చు ఎక్కడిది? మా కాలేజీలో మొదటి ఏడాది పిల్లలు ఇలా మాట్లాడితే ఈల వేసి వేదిక దింపుతారు. తమ కార్యాలయంలో కుర్చీ వేశారు.

రెండో వాదనకు రుజువుగా ఆయన ఖర్చుల పట్టిక కూడా జతచేశాడు. అది తమ ఫైలులోనే ఉన్నది; తెరిస్తే కనబడుతుంది. ఒక్కో నాణేనికి ఇత్తడి బిళ్ళ ఇరవై ఒక్క రూపాయలు, అచ్చు అరుగుదల ఆరు, బంగారు పూత పద్నాలుగు, మెరిసే హోలోగ్రామ్ చీటీ మూడు, ముఖమల్ డబ్బా ఇరవై ఆరు. మొత్తం డెబ్బై. అమ్మకపు ధర పద్నాలుగు వందల తొంభై తొమ్మిది. నాణెంలోని ఇత్తడి కన్నా దాన్ని పడుకోబెట్టే డబ్బా ఖరీదు ఎక్కువ. 'కూలి' అన్న గడిలో ఒక అడ్డగీత ఉన్నది. మా అమ్మకు నాణేనికి అరవై పైసలు ఇచ్చేవారు. ఆ అరవై పైసలకు పట్టికలో చోటు దొరకలేదు. పనివాళ్ళు లేరని చెప్పవలసి ఉన్నది కదా. అచ్చు అరుగుదలకు ఆరు రూపాయలు రాయడం తెలిసినవాడికి, ఆ అచ్చు కింద అరిగేది ఇంకేమిటో తెలియదనుకోవడం అమాయకత్వం. దానిని చదివి కూడా ఏమీ అడగకపోవడం అమాయకత్వం కాదు. దాని పేరు తమ హోదాపట్ల గౌరవం వల్ల రాయడం లేదు.

4. ఇదే సేఠ్ కొనుగోలుదార్ల కోసం వేయించిన రంగుల కాగితంలో ఇలా ఉన్నది: "ప్రతి నాణెమూ సూరత్‌లో అనుభవజ్ఞులైన కళాకారుల చేతుల మీదుగా అచ్చవుతుంది." కొనేవాడికి చెప్పేటప్పుడు చేతులున్నాయి. తమకు చెప్పేటప్పుడు లేవు. తమరు రెండో మాటనే నమ్మారు.

5. తుగ్లకును పిచ్చివాడని బడిలో చెప్పారు. అతడు చవక లోహపు నాణేన్ని వెండి నాణెంగా చెల్లమన్నాడు. చెల్లకపోతే ఖజానా నుంచి మార్చి ఇచ్చాడు. మన సేఠ్ అంతకన్నా తెలివైనవాడు. చెల్లదని ముందే చెప్పి అమ్ముతాడు, కాబట్టి ఎవరికీ ఏదీ మార్చి ఇవ్వనక్కరలేదు. ఆ వ్యాపారంతో నాకు పేచీ లేదు. మూర్ఖులు ఇత్తడిని పూజించుకునే హక్కు రాజ్యాంగంలో ఎక్కడో ఉండే ఉంటుంది. ఆ పూజకు మా అమ్మ వేళ్ళు నైవేద్యం కావడంతోనే పేచీ.

6. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. అమ్మ ఆసుపత్రిలో చేరిన మర్నాడే ఆ యంత్రం మీద మా పక్క గదిలో ఉండే వినోదను కూర్చోబెట్టారు. పీలిక ఇంకా అలాగే ఉన్నది. వద్దని చెప్పడానికి వెళ్ళాను. ఆమె పిండి పిసుకుతూ తలెత్తకుండా అన్న మాటలు ఇవి:

"ఓ విజయా, నువ్వు మైకుల మాట్లాడితె అందరు చప్పట్లు గొడ్తరు. నేను బొత్తం నొక్కకపోతె నాకెవరు గొడ్తరు? కిరాయి ఇంటాయన గొడ్తడు, తలుపు."

"పీలిక విప్పుమని అడుగు అక్కా."

"అడిగిన. విప్పుకో, ఆర్నూరుకే పైసలిస్త అన్నడు. నీ మాటకు కాయ్‌దాలు కదుల్తయేమో పిల్లా. గా సేఠ్ కదలడు."

ఆమె పొరబడింది. కాగితాలు కూడా కదలలేదు.

శనివారం ఆ యంత్రాన్ని లారీకెత్తించి వేరే ఊరి షెడ్డుకు తరలిస్తున్నారు. వినోదను అక్కడికి రమ్మన్నారు. యంత్రం వెళ్ళిపోతే పీలికా, బొత్తమూ, అచ్చూ చూపించడానికి ఏమీ మిగలదు. అప్పుడు తమ వాక్యమే నిజమవుతుంది: భౌతిక రూపం ఏదీ లేదు.

కావున, ఫైలు తిరిగి తెరవవలెను. శనివారానికి ముందు యంత్రాన్ని తనిఖీ చేసి, రెండు బొత్తాలూ పనిచేసేవరకు దానిని ఆపించవలెను. ఆయన పట్టికలోని అడ్డగీత స్థానంలో మా అమ్మ పేరు రాయించి, పరిహారం నిర్ణయించవలెను.

ఇవన్నీ తమ అధికార పరిధిలోనివే. పరిధి ఎంతో తమకు తెలియనిచో, తమ తల వెనుక గోడకు వేలాడుతున్న బోర్డు మీద నాలుగు భాషలలో రాసి ఉన్నది. అవధరించి చిత్తగించవలెను, చిత్తమంటూ ఒకటి ఆ కుర్చీకి మంజూరై ఉన్నట్లయితే.

ఈ చోట ఇలాగే రాయాలట కనుక,
తమ విధేయురాలు,
విజయశ్రీ

తా.క. సంతకం పెట్టిన తర్వాత దీన్ని అమ్మకు చదివి వినిపించాను. చివరిదాకా విని, "గింత తిట్టినంక ఏ సారొస్తడు బిడ్డా?" అన్నది. ఇందులో ఒక్క అబద్ధమైనా ఉంటే చూపించమన్నాను. "లేదు. అన్ని నిజాలే. గని సారు వస్తడా, రాడా?" అన్నది.

కలం మూత మళ్ళీ తీశాను.

సారూ, తమరిని అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటాను. తుగ్లకు, కుర్చీ, చిత్తం, అన్నీ కొట్టివేయండి. తప్పు నాదేనని తమ ఎదుటే, తమ గుమాస్తా ఎదుట, సేఠ్ ఎదుట రాసి సంతకం పెడతాను. వినోదక్క షిఫ్టు పొద్దున్న ఎనిమిదింటికి. గురువారమైనా, శుక్రవారమైనా, ఎనిమిదికి ముందు రండి.