సలోమి చేతి పువ్వు

రాజోలు,
12 జులై 1999

సలోమీ, నా తల్లీ,

నువ్వు మస్కట్ వెళ్లి ఏడాదిన్నర దాటింది. ఇన్నాళ్లూ ఒక్క ముక్క రాయనిదాన్ని ఇప్పుడు రాస్తున్నానంటే ఏదో అవసరం పడే ఉంటుందని అనుకుంటావు. అనుకో, తప్పులేదు. నీ ఎడ్రసు నీతో లేసు అల్లే పైడమ్మ మీ అమ్మని అడిగి తెచ్చింది. మీరే వెళ్లి అడగొచ్చు కదా అంటావేమో. మా ఇంటి నుంచి మీ పేటకి కాలవగట్టు మీద పది నిమిషాల నడక. పెళ్లయి ఈ ఊరొచ్చి పన్నెండేళ్లయినా ఆ దారి నేనింకా చూడలేదు. కారెక్కి వాడపల్లి వెంకన్న దగ్గరికి వెళ్తాం గాని, కాలినడకన వీధి మలుపు దాటితే మా అత్తగారి పరువు పోతుంది.

నాకు లేసు నేర్పింది నువ్వు. కాగితాల మీద మాత్రం నేనే నీకు నేర్పినట్టుంది. నువ్వు మా అరుగు మీద కూర్చునేదానివి, నేను గుమ్మం లోపల. నువ్వు లోపలికి రాకూడదు, నేను బయటికి రాకూడదు, మనిద్దరి మధ్యా గడప. నీకు ఎదురుగా కూర్చుని నీ చేతులు ఎటు కదిలితే నా చేతులూ అటే కదిలించేదాన్ని. నువ్వు సూది ఎడం చేత్తో పట్టేదానివి. పుర్రచేతి పని ఇంటికి అచ్చిరాదని మా అత్తగారు లోపల్నించి సణిగితే, నువ్వు వినపడేట్టే అన్నావు, లేసు పోయేది బయట దేశాలకి కదండీ, మీ ఇంటికి కాదు కదా అని. నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. ఈ ఇంట్లో నేను అంతలా నవ్వింది నీ దగ్గరే.

ఇంక అసలు సంగతి రాస్తాను.

మా మావయ్యగారు లేసు ఏజెంటు పని వదిలేసి సొంతంగా ఎగుమతి లైసెన్సు తెచ్చుకున్న ఏడాది నీకు గుర్తుండే ఉంటుంది. కార్తీకమాసంలో ప్రభుత్వ ఆఫీసరు గారు లేసు కొనే జర్మనీ కంపెనీ ఆవిడని వెంటబెట్టుకుని వచ్చారు. అరుగు కింద పందిరి వేసి, ఊళ్లో అల్లేవాళ్లందరినీ కూర్చోబెట్టారు. ఆఫీసరు గారు చాలాసేపు మాట్లాడారు. దేశం దగ్గర డాలర్లు లేక బంగారం తాకట్టు పెట్టుకున్న రోజులు మొన్నమొన్నటివేనట. ఎగుమతులు పెరిగితేనే నలుగురిలో తలెత్తుకుని నిలబడగలమట. అందుకని ప్రభుత్వం కొత్త పథకం పెట్టిందట. లేసు అల్లే ఊళ్లో శిక్షణ కేంద్రం, దానికి ఒక టీచరు, నెలజీతం, అందరికన్నా బాగా అల్లే మనిషికి గుర్తింపు కార్డు. మీ సూదులే దేశానికి డాలర్లు తేవాలి అన్నారు. పైడమ్మ తన సూది కేసి అనుమానంగా చూసుకుంది.

నీకు ఆ ఉద్యోగం ఎంత కావాలో నాకు తెలుసు. ముందురోజు సాయంత్రమే అరుగు మీద కూర్చుని చెప్పావు. పాసుపోర్టు చేతికొచ్చిందని, నాలుగేళ్ల పాపని మీ అమ్మ దగ్గర వదిలి వెళ్లాలంటే ముద్ద దిగట్లేదని. "ఈ ఉద్యోగం గాని వచ్చిందంటే పాసుపోర్టు గోదాట్లో పారేస్తానండీ," అన్నావు. నీకు కాకపోతే ఇంకెవరికి వస్తుంది అన్నాను. ఆ మాట అన్నది నేనే.

ఆ జర్మనీ ఆవిడ నమూనాలన్నీ చూసి నీ బల్లగుడ్డ ఎత్తి పట్టుకుంది. నువ్వు నాలుగు నెలలు అల్లిన సుడిపువ్వుల బల్లగుడ్డ, రెక్కలన్నీ గాలికి ఒకవైపు వాలినట్టుండేది. ఇది ఎవరు అల్లేరు అని అడిగింది. నువ్వు అప్పుడే కొబ్బరినీళ్ల గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చావు. నువ్వు నోరు తెరిచేలోపే మావయ్యగారు "మా కోడలండి" అనేశారు. బయటి మనిషి పేరు రాయిస్తే రేపు ఆర్డరంతా ఆ మనిషి చుట్టూ తిరుగుతుందని ఆయన లెక్క. ఆఫీసరు గారు గుమ్మంలో నిలబడ్డ నా వైపు తిరిగి, "ఏమ్మా, నువ్వేనా?" అని అడిగారు.

"ఆయ్, నేనేనండి," అన్నాను.

నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు. భయం వేసి అన్నానని ఇన్నాళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. పెళ్లయ్యాక పదిమందిలో ఒక మనిషి నన్ను చూసి నువ్వేం చేశావని అడగడం అదే మొదటిసారి. ఆశ పుట్టింది. నువ్వేమో పళ్లెంతో ముందుకు వచ్చావు. గ్లాసులు అందరికీ ఇచ్చావు, నాకూ ఇచ్చావు. నేను తాగాను కూడా, సిగ్గులేకుండా.

ఆ తర్వాత కార్డు నా పేరున వచ్చింది, టీచరు ఉద్యోగం నా పేరున వచ్చింది. నువ్వు మస్కట్ బయల్దేరే ముందురోజు చెప్పిపోదామని వచ్చావు. అప్పటికే ఆర్డరు పని మొదలై అరుగంతా చాపల మీద సుడిపువ్వులు పోసి ఉన్నాయి. నువ్వు వాటికేసి చాలాసేపు చూశావు. ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి, మళ్లీ అక్కడే పెట్టేశావు. ఏడుపు ఆపుకుంటున్నావనుకున్నాను.

ఆ జర్మనీ కంపెనీ ఆర్డరు నాలుగు వందల బల్లగుడ్డలు. నమూనా ఎలా ఉందో అలాగే ఉండాలని కాగితం. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు ఏడాది పైగా కళ్లు పోయేలా అల్లారు. మొన్న చైత్రంలో కంపెనీ తరఫున తనిఖీ చేసే మనిషి వచ్చి, నీ బల్లగుడ్డ పక్కన ఒకటి పరిచాడు. రెండు పరిచాడు. పది పరిచాడు. నీ పువ్వు రెక్కలు ఒకవైపు వాలి ఉన్నాయి, మా అందరి రెక్కలూ దానికి ఎదురు వైపు. నమూనా ఇది కాదన్నాడు. పువ్వు పువ్వే కదండీ అని మావయ్యగారు కేకలేశారు. పుల్లేటికుర్రు సంతలో అమ్ముకుంటే పువ్వు పువ్వేనండి, దేశం దాటే సరుక్కి కాగితంలో ఉన్నదే పువ్వు అన్నాడతను. మొత్తం వెనక్కి పంపేశారు. ఇప్పుడు అవి మా పడకగదిలో అటక దాకా మూటలు కట్టి ఉన్నాయి, నేను వాటి మధ్యే పడుకుంటున్నాను. పైడమ్మకీ మిగతావాళ్లకీ పని ఆగిపోయింది.

తలుపు వెనక నిలబడి ఆ రెండు పువ్వుల్నీ చూస్తుంటే నాకు అంతా అర్థమైంది. నీ ఎదురుగా కూర్చుని అద్దంలో చూసినట్టు నేర్చుకున్నాను కదా. నీ ఎడం చెయ్యి ఎటు పోతే నా కుడి చెయ్యి అటు పోయింది. నీ పువ్వు ఒకలా తిరిగింది, నాది ఇంకోలా తిరిగింది, నేను నేర్పినవాళ్లందరిదీ నాలాగే తిరిగింది. పన్నెండేళ్లలో రెండూ పక్కపక్కన పెట్టి ఒక్కసారైనా చూడలేదు. నీ పక్కన అరుగు మీద కూర్చుని నేర్చుకుని ఉంటే మొదటిరోజే తెలిసేది. గత శనివారం వాడపల్లి గుడి చుట్టూ తిరుగుతుంటే తట్టింది, నీ పువ్వు తిరిగేది ఇలాగే, ప్రదక్షిణం చేసే వైపే. అచ్చిరాదన్న ఆ చేతి పువ్వే స్వామి చుట్టూ సరిగ్గా తిరుగుతోంది. అందరూ చూస్తుండగా అక్కడే ఏడ్చేశాను. మా ఆయన నాకు ఎండ తగిలిందనుకున్నారు.

నన్ను తిట్టి ఉత్తరం రాయి. తిట్టకపోతే ఇంకా కష్టంగా ఉంటుంది.

నీ
విజయదుర్గ

*

రాజోలు,
20 సెప్టెంబరు 1999

సలోమీ,

జవాబు లేదు. పోనీ, రాయకు. నేను చేసిన పని చెప్పి ఊరుకుంటాను.

ఆఫీసరు గారికి ఉత్తరం రాశాను. బల్లగుడ్డ అల్లింది సలోమి అని, నేను అబద్ధమాడానని, టీచరు ఉద్యోగం నాకు వద్దని. పైడమ్మ చేత పోస్టు చేయించాను. సంగతి తెలిసి మావయ్యగారు నాతో మాట్లాడటం మానేశారు. నేను వడ్డిస్తే విస్తరి ముందు నుంచి లేచిపోతున్నారు. మా ఆయన కుమారస్వామి గారైతే రెండు రోజులు గుమ్మంలోంచి బయటికీ బయట నుంచి గుమ్మంలోకీ తిరిగి, చివరికి "ఈ మాట ఆరోజే అనుంటే సరిపోను కదే," అన్నారు. ఆయన జీవితంలో అన్న సరైన మాట అదొక్కటే.

ఆఫీసరు గారు జవాబు రాశారు. ఉద్యోగం మార్చి దాకా ఎవరికీ ఇవ్వకుండా ఉంచుతారట. రాజోలు ఆఫీసులో గాజుబీరువాలో నీ బల్లగుడ్డ పెట్టారు, దాని కింద ఇప్పటికీ నా పేరే ఉంది. నువ్వు వచ్చి కమిటీ ముందు ఆ సుడిపువ్వు ఒక్కటి అల్లి చూపిస్తే చాలు, కార్డూ ఉద్యోగమూ నీ పేరున మారుస్తామన్నారు. ఒక్క పువ్వు, సలోమీ. నువ్వు కబుర్లు చెబుతూ, దారం కేసి చూడకుండా అల్లేస్తావు. టిక్కెట్టుకి నా గాజులు ఉన్నాయి, వద్దనకు. నీ పాప దగ్గరికి వచ్చెయ్యి.

నువ్వు వస్తే ఈసారి గడప లోపల కూర్చోబెడతాను. ఎవరేమన్నా సరే.

ఎదురుచూస్తూ,
నీ దుర్గ

*

మస్కట్,
3 డిసెంబరు 1999

విజయదుర్గ గారికి సలోమి వందనాలు.

మీ ఉత్తరాలు రెండూ అందినయ్యండి. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని నవ్వుకోకండి. కుడి చేత్తో రాస్తున్నాను. ఈ ఒక్క ఉత్తరం రాయడానికి నాలుగు శుక్రవారాలు పట్టింది. మాకు శుక్రవారమే కాస్త తీరిక.

మొదట నా తప్పు చెప్పుకోవాలి. మీరు తిట్టమన్నారు. తిట్టే నోరు నాకు లేదండి. ఆరోజు మీ అరుగు మీద పువ్వు తీసి తిప్పి చూశానన్నారు కదా, నేను ఏడుపు ఆపుకోలేదు. పువ్వులన్నీ ఎదురు తిరిగి ఉన్నాయని చూడగానే తెలిసిపోయింది. ఇవి నమూనాకి కలవవండీ అని ఒక్క మాట అంటే చాలు. నోటిదాకా వచ్చింది. ఈవిడే కదా అల్లేనన్నది, ఈవిడకే తెలియాలి అనుకుని మింగేశాను. ఊరంతా ఏడాది పైగా కళ్లు పోగొట్టుకుంటుందని తెలిసి కూడా బస్సెక్కేశాను. విమానంలో కూర్చుని లోపల్లోపల సంతోషపడ్డాను కూడా. మీరు ఒక్క ఆయ్ అన్నారు, నేను ఆ మాత్రం కూడా అనలేదు. మీ అబద్ధం నా ఒక్కదానికే తగిలింది. నా మౌనం పైడమ్మక్కకి తగిలింది, ఇంకా పేర్లు తెలియని ఎంతమందికో తగిలింది. ప్రతి శుక్రవారం ప్రార్థనలో చెప్పుకుంటున్నాను గాని బరువు దిగట్లేదు. ఈ సంగతి పైడమ్మక్కకి మీరే చెప్పండి. నేను రాస్తే ఆవిడ చదవలేదు కదా.

మీరు ఆఫీసరుకి రాశారని చదివి, వంటింట్లో కూలబడి ఏడ్చాను. రావాలనే ఉంది. పాపని తల్చుకోని పూట లేదు. గాని ఆ ఒక్క పువ్వే ఇప్పుడు నా వల్ల కాదండి. కిందటేడు రంజాన్ నెలలో బట్టలు ఇస్త్రీ చేస్తుంటే కునుకు పట్టి ఇస్త్రీపెట్టె ఎడం చేతి మీద పడింది. చూపుడువేలూ బొటనవేలూ కలుసుకుపోయి మానాయి. ఈ ఇంటివాళ్లు మంచోళ్లే, ఆసుపత్రికి తీసుకెళ్లారు. వేళ్లు మాత్రం ఇంక వంగవన్నారు. మా అమ్మకి చెప్పలేదు. మీరూ చెప్పకండి.

మీ రెండో ఉత్తరం వచ్చాక దారం కొనుక్కుని కుడి చేత్తో ప్రయత్నించాను. రెండు నెలలు పట్టింది. ఈ కవర్లో పెట్టాను చూడండి. పువ్వు బాగానే వచ్చింది, రెక్కలు కూడా సాఫుగానే ఉన్నాయి. గాని తిప్పి చూడండి. మీ పువ్వు తిరిగినట్టే తిరిగింది. దీన్ని పట్టుకొచ్చి కమిటీ ముందు పెడితే వాళ్లు కూడా నమూనా ఇది కాదంటారు, న్యాయంగానే అంటారు. కాబట్టి ఉద్యోగం పైడమ్మక్కకి ఇప్పించండి. మీ గాజులు మీ దగ్గరే ఉంచుకోండి.

ఆ గాజుబీరువాలో మాత్రం నా పేరు రాయించండి. ఉద్యోగం కోసం కాదు. ఆ చెయ్యి ఇంక ఎక్కడా లేదు, అక్కడే ఉంది.

ఇంకొక్కటి అడుగుతాను. మొన్న ఫోనులో అమ్మ చెప్పింది, పాప పలక మీద ఎడం చేత్తో రాస్తోందట. పుర్రచెయ్యి అని వాతలు తేలేలా కొట్టిందట. మా అమ్మ నన్నూ ఇలాగే కొట్టేది. దూరం నుంచి నేను చెబితే వినదు, మీరు చెబితే వింటుంది. పైడమ్మక్కని పంపకండి. కాలవగట్టు మీద పది నిమిషాలన్నారు కదా, మీరే నడిచి వెళ్లండి. మా ఇంటికి గడప పెద్దగా ఉండదు, లోపలికి వెళ్లి కూర్చోండి. కొట్టొద్దని చెప్పండి.

పాపకి ఇప్పుడు ఆరేళ్లు. దాన్ని లేసుపనిలో పెట్టమని కాదు, చదువుకోనివ్వండి. ఒక్క పువ్వు నేర్పండి చాలు. నేర్పేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోకండి. ఎదురుగా కూర్చోండి. మీ కుడి చెయ్యి ఎటు పోతే దాని ఎడం చెయ్యి అటు పోతుంది. అప్పుడా పువ్వు నా పువ్వులాగే తిరుగుతుంది.

మీ
సలోమి