తపస్సుకాలపు నల్లబల్ల

పుస్తకాలకు అట్టలు వేసి, అంచులు కోసి బతికిన నేను, బైండరు తాతగా అందరూ ఎరిగినవాణ్ణి, ఈ ఆసుపత్రి మంచం మీద వీపు వెనక రెండు దిళ్లు పెట్టుకుని, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. నాకు మతి చలించలేదని డాక్టరమ్మ ఇచ్చిన కాగితం జతపరిచాను. అక్షరం వణికిన చోట జబ్బు అనుకోవద్దు. అది సంబరం. నిన్న సాయంత్రం నుంచి నాకు కుదురు లేదు. ఎందుకో మూడో అంశంలో చెబుతాను, అప్పటిదాకా ఓపిక పట్టండి.

ఒకటి. ఇల్లు, ఇంట్లో సామాను, కింది గదిలోని కోత యంత్రం నా తదనంతరం సర్వహక్కులతో నా కూతురికి చెందాలి. ఇందులో ఎవరూ తగవు పెట్టరాదు. కోత యంత్రం పిడిని విసురుగా లాగకు తల్లీ, వేలు పోతుంది. నీ పెళ్లిలో నేను ఏడవలేదని ఇప్పటికీ దెప్పుతావు. అల్లుడు చూస్తున్నాడని ఏడవలేదు. తర్వాత జిగురు గదిలోకి వెళ్లి ఏడ్చాను.

రెండు. నా సొంత పుస్తకాలన్నీ మా గుడి ఫాదర్‌గారికి. నాకు అబ్బిన చదువంతా చిరిగిన పుస్తకాలదే. జిగురు ఆరేలోపు చదివేసేవాణ్ణి. తీసుకెళ్లిన యజమానులు చాలామంది మళ్లీ తెరవలేదు; పుస్తకం తెరిచారో లేదో అట్ట మడత చూస్తే నాకు తెలుసు. ఫాదర్‌గారి ప్రసంగాలకు ఇవి పనికొస్తాయి. పనికి రావాలని ప్రార్థిస్తున్నాను కూడా. ఈ వీలునామా అమలు బాధ్యత ఆయనదే.

మూడు. నల్లబల్ల. తెలియనివాళ్ల కోసం: తపస్సుకాలంలో, అంటే విభూది బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజు దాకా సాగే ఉపవాస దినాల్లో, మా గుడి గుమ్మం పక్కన రోజుకో ధ్యాన వాక్యం సుద్దతో రాస్తాను. పొద్దున పూజకు వచ్చేవాళ్లు మెట్లెక్కుతూ చదువుకుంటారు. నా పెళ్లయిన కొత్తలో మొదలైన పని ఇది. అప్పటి ఫాదర్‌గారు ఒక్కటే కట్టుబాటు పెట్టారు: రాసినవాడే మర్నాడు తడిగుడ్డతో తుడవాలి, ఇంకొకరు తుడవకూడదు. తన మాటను తాను చెరుపుకోవడం కూడా తపస్సేనట.

మా గుడి కిందికి వచ్చే జనాన్నంతా కలిపి విచారణ అంటాం; ఆ విచారణ సంఘం కార్యదర్శి, జనం చాటుగా ‘తీర్మానం’ అని పిలుచుకునే పెద్దమనిషి, ఆ బల్ల పీకేసి టీవీ తెర పెడతానంటున్నాడు. ఎక్కడో తయారైన ధ్యానాలు పూలబొమ్మల మధ్య వాటంతటవే కదులుతూ పోతాయట. “మీకెందుకండీ ఈ శ్రమ, హాయిగా కూర్చోండి” అన్నాడు. హాయిగా కూర్చోవడానికా తపస్సుకాలం? గోడ విచారణది. మేకులు విచారణవి. బల్ల మాత్రం నా పాత కోతబల్ల చెక్క, నా సొంతం. అతనికి దాని మీద ఏ హక్కూ లేదు.

నేను మనుషుల్ని మనసులో పెట్టుకునే రాసేవాణ్ణి. దాచను. కోపం గురించి దర్జీకి తగలాలని రాస్తే, అతనే వచ్చి “భలే అంటించావు మామా, మా ఆవిడ చదివి నోరెత్తలేదు!” అన్నాడు. గర్వం గురించి తీర్మానానికి రాస్తే, “ఈ దెబ్బతో దర్జీకి బుద్ధొస్తుందండీ” అని నన్ను మెచ్చుకున్నాడు. ఒక్క బాణమూ తగలాల్సిన చోట తగల్లేదని ఇన్నేళ్లూ కుమిలిపోయాను.

ఇక మా మరదలు. నా భార్యకు చెల్లెలు, గుడి పాటల బృందానికి పెద్ద. నా భార్య సమాధి రాతి మీద చెక్కించాల్సిన వాక్యం నేను రాసి చూపిస్తే, “బతికుండగా నీ వాక్యాలు మా అక్కకి చాల్లేదా బావా?” అంది. అప్పటి నుంచి మాకు మాటల్లేవు. రాయి ఇంకా ఖాళీగానే ఉంది.

ఈ తపస్సుకాలం రెండో వారంలో బల్ల రాసి దిగుతూ మెట్ల మీద పడ్డాను. ఆ రోజు వాక్యం: “పాట పాడిన నోటితోనే పక్కవాణ్ణి కొరికితే దేవుడు ఏ చప్పుడు వినాలి?” ఎవరి మీదో వేరే చెప్పాలా?

నేను మంచాన పడ్డాక, కట్టుబాటు ప్రకారం ఇంకెవరూ తుడవక అలాగే ఉండిపోయిన నా వాక్యం కింద మిగిలిన జానెడు జాగాలో మరదలు చీమల్లాంటి అక్షరాలతో ఇలా రాసిందట: “మా బావ ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయన చేత తిట్లు తిన్నవాళ్లందరికీ ఈ వారం సెలవు. ఆ తీరికలో వెళ్లి చూసొద్దాం.”

నిన్న సాయంత్రం వార్డు నిండిపోయింది! నర్సమ్మ “ఇది వార్డా, సంతా?” అని కేకలు. దర్జీ నా కాళ్ల దగ్గర కూర్చుని, “ఆ కోపం ముక్క నాకేగా మామా, అప్పుడే తెలుసు” అన్నాడు. తీర్మానం బత్తాయిలు పట్టుకొచ్చి, “గర్వం నాదేనండీ” అని గొణిగాడు. అంటే అన్నీ తగిలాయి! ప్రతి ఒక్కటీ! ముసలాడికి ఇంతకన్నా ఏం కావాలి? నేను ఏళ్ల తరబడి వీళ్ల నోళ్లకు బిగించిన బిరడాను ఆవిడ రెండు మాటల్లో లాగేసింది. నాకంటే బాగా రాసింది. ఈ మాట వీలునామాలో తప్ప ఇంకెక్కడా ఒప్పుకోను.

అందరూ వెళ్లాక ఆవిడ గుమ్మంలో నిలబడి, “లేచి వచ్చి తుడుచుకో బావా, నాకు జాగా చాలట్లేదు” అని, జవాబు వినకుండా వెళ్లిపోయింది.

కాబట్టి నల్లబల్ల, సుద్దముక్కల డబ్బా మా మరదలికి. సమాధి రాతి మీద ఏం చెక్కించాలో కూడా ఆవిడే తేల్చాలి.

నాలుగు. తీర్మానానికి నా చేతికర్ర. టీవీ తెర వాళ్లింటి హాల్లో పెట్టుకోవచ్చు.

ఐదు. దర్జీకి ఏమీ ఇవ్వడం లేదు, సాక్షిగా కావాలి గనక. కోపం తెచ్చుకోకూడదు.

ఆరు. పై అంశాలన్నీ నా తదనంతరం అమలులోకి వస్తాయి. ఇది మాత్రం ఈ పూట నుంచే. నేను ఇక మెట్లెక్కలేనని డాక్టరమ్మ చెప్పింది. బల్ల మీద నా వాక్యం అబద్ధమని నేననను. అయితే అది ఒక్కరోజు కోసం రాసిన మాట. అంతకు మించి ఎవరి నెత్తినా ఉండకూడదు. దాన్ని తుడిచే హక్కు మా మరదలికి ఇస్తున్నాను. గుడ్డ బాగా తడిపి, పైనుంచి కిందికి తుడవమ్మా. పొడిగుడ్డ వాడితే మచ్చ ఉండిపోతుంది.

తపస్సుకాలం మూడో శుక్రవారం, పొద్దున, పూజ గంట మోగకముందు.

(సంతకం) బైండరు తాత

సాక్షులు:
దర్జీ
వార్డు నర్సమ్మ