నా తాళం నేనే తెరిచాను

నార్వే నుంచి, ఆదివారం

సాదలిలో ఉన్న అక్కకు చెల్లెలు సుజాత నమస్కారాలు.

అప్ప మోకాలి నొప్పి తగ్గిందా, నడుస్తున్నాడా? బావ, పిల్లలు ఎలా ఉన్నారు? నేను బాగానే ఉన్నాను. ఒంట్లో బాగానే ఉంది, నిజం. ఇక్కడ మూడింటికే చీకటి పడుతోంది. రాగిముద్ద కెలుక్కుని ఒక్కదాన్నే తింటున్నాను. రాగిపిండి ఇంకో వారానికే సరిపోతుంది. వీలైతే ఇంకొంత, ఉలవలతో పాటు పంపు.

ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. నాకే ఇంకా నమ్మకం కుదరడం లేదక్కా.

సందేశాలు పరాయివాళ్లు చదవకుండా అంకెలతో ఒక తాళం చేశానని చెప్పాను కదా. మా పనిలో తాళం చేసినవాళ్లే దాని తయారీ మొత్తం బయటపెట్టి, చేతనైతే తెరవండని అందరినీ పిలవాలి. ఆరేళ్లుగా ఎవరివల్లా కాలేదు. దాన్ని చూసే ఇక్కడ నన్ను పర్మనెంట్ చేయబోయారు.

పోయిన సోమవారం విద్యార్థుల పరీక్షకు ఒక చిన్న లెక్క తయారుచేస్తూ నా తాళంలోంచే రెండు సంఖ్యలు తీసుకున్నాను. అవి అందరికీ చూపించినా పర్వాలేదని రాసింది నేనే. వాటిని పట్టుకుని వెనక్కి లెక్క కడితే తాళం తెరిచే రహస్య సంఖ్య బయటికొచ్చేసింది! ఇంకా పెద్ద సంఖ్యలతో చేశాను. టీ చల్లారేలోపు మళ్లీ వచ్చింది. అప్పటికి ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు. శుక్రవారం నా ఉద్యోగం తేల్చే కమిటీ. అంతదాకా నోరు మూసుకుందామనే అనుకున్నాను, నీ దగ్గర దాపరికం ఎందుకు.

మర్నాడు నువ్వు ఫోన్ చేశావు.

"పట్టుపురుగులకు రోగం తగిలిందే. రేపో మాపో గూడు కట్టే పురుగులు, అన్నీ గుంత తీసి పూడ్చినాం. పక్కిండ్లోళ్లకు నేనే పోయి చెప్పొచ్చినా."

"నిన్నెవరడిగారు?" అని అరిచాను.

"ఎవురో అడగల్లా యేమే? చెప్పకుంటే వాళ్లవీ పోతాయి గదా" అన్నావు.

ఆ అరుపు నీమీద కాదక్కా.

బుధవారం పొద్దున్నే మా విభాగం పెద్దావిడకు ఆ లెక్క రాసిన కాగితం ఇచ్చాను. రెండుసార్లు చదివి, "ఇది ఇంకెవరికి తెలుసు?" అంది. ఎవరికీ తెలియదన్నాను. ఆరోజే దాన్ని ఇంటర్నెట్లో అందరికీ కనబడేలా పెట్టేశాను. శుక్రవారం కమిటీవాళ్లు నా నిజాయితీని తెగ మెచ్చుకున్నారు. మెచ్చుకుని, జూన్ తర్వాత ఉద్యోగం లేదన్నారు.

ఆ రెండు సంఖ్యలు బయటపెట్టకుండా తాళం కుదురుతుందేమో జూన్ దాకా చూస్తాను. కుదరదనే అనిపిస్తోంది, అయినా చూస్తాను.

జంగమకోటె అత్తకు, చింతామణి చిన్నాయనకు నా నమస్కారాలు. అందరూ నన్ను దీవించండి. అప్పకు మాత్రం ఈ సంగతి నువ్వే చెప్పు. నేను చెబితే "వచ్చేయమ్మా" అంటాడు. అలా అన్నాడంటే, ఆరోజే బయల్దేరి వచ్చేస్తాను.

నీ చెల్లెలు
సుజాత